చిలికాలో, గోపాల్‌పూర్ తీరంలో చిన్న పడవ తీసేవాళ్లకి: గాలి, ఉరుము, తుఫాను ముందే పసిగట్టే పద్ధతి

"ఏ యాప్ మంచిదండీ?" బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం నుంచి సెలవు రోజున తెరచాప పడవో, కయాకో, ఔట్‌బోర్డ్ ఇంజిన్ పెట్టిన ఫైబర్ బోటో తీసే వాళ్లందరూ అడిగేది ఇదే. ఏ యాప్ అయినా ఒకటే. చూసే వరస తెలియకపోతే ఎన్ని యాప్‌లున్నా ఉపయోగం లేదు.

చాలామంది "రేపు గాలి ఎంత?" అని ఒక్క అంకె చూసి వదిలేస్తారు. ఆ అంకె రోజంతా అలాగే ఉండిపోతే ఎవరికీ ఏమీ కాదు. గాలి ఉన్నట్టుండి పెరిగినప్పుడు, దిక్కు తిప్పినప్పుడు పడవలు బోల్తా పడతాయి. అందుకే కింద ప్రతి అడుగులోనూ రెండే ప్రశ్నలు వేసుకోండి: ఎప్పుడు మారుతుంది? మారేసరికి నేను ఏ ఒడ్డుకి చేరగలను?

ఇది రంభ, బర్కుల్ వైపు చిలికాలోనూ, గోపాల్‌పూర్, సోనాపురం ఒడ్డు నుంచి సముద్రంలోనూ పగటిపూట సరదాగా తిరిగే వాళ్ల కోసం. రాత్రి ప్రయాణాలు, దూరసముద్రం వేరే సంగతి.

1. ముందు మీ హద్దు కాగితం మీద పెట్టండి

వాతావరణం చూడకముందే చేయాల్సిన పని ఇది. ఫోన్‌లో అంకె చూశాక హద్దు నిర్ణయించుకుంటే, ఆ హద్దు ఎప్పుడూ అంకె కన్నా కాస్త పైనే ఉంటుంది. మనసు అలాంటిది మరి.

కొత్తవాళ్లకి నేను చెప్పే హద్దులు ఇవి, అనుభవం వచ్చాక మార్చుకోవచ్చు:

- సగటు గాలి 12 నాట్లు దాటితే వెళ్లను
- గస్ట్, అంటే విసురు, 18 నాట్లు దాటితే వెళ్లను
- ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సంస్థ) చెప్పే అల ఎత్తు 1 మీటరు దాటితే సముద్రపు ఒడ్డు నుంచి దిగను
- జిల్లాకి ఉరుముల హెచ్చరిక ఉంటే, అది ఎల్లో అయినా సరే, వెళ్లను
- ఎన్ని గంటలకి తిరిగి ఒడ్డెక్కాలో ముందే రాసుకుంటాను

యూనిట్ల దగ్గర చాలామంది బోల్తా పడతారు. 1 నాట్ అంటే గంటకి 1.852 కి.మీ. సెకనుకి ఇన్ని మీటర్లు అని చూపిస్తే రెండుతో గుణించండి, దాదాపు నాట్లు వస్తాయి. ఒక యాప్‌లో "10" చూసి ఇంకో యాప్‌లో "18" చూసి గాలి పెరిగిందని కంగారు పడేవాళ్లున్నారు, రెండూ ఒకటే గాలి. అన్ని యాప్‌లూ నాట్లలోకి మార్చి పెట్టేయండి, గొడవ ఉండదు.

ఇంకో విషయం. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద తోపు నాలుగు రెట్లవుతుంది. 10 నాట్లలో హాయిగా నడిపిన పడవ 20 నాట్లలో "కొంచెం కష్టం" అవ్వదు, చేతుల్లోంచే జారిపోతుంది.

అంకె లేకపోయినా నీళ్లు చెబుతాయి. 7 నుంచి 10 నాట్ల దగ్గర అలల తలల మీద అక్కడక్కడ తెల్ల నురగ మొదలవుతుంది. 11 నుంచి 16 మధ్య అది తరచుగా కనిపిస్తుంది. 17 దాటితే ఎటు చూసినా తెల్లగానే ఉంటుంది. కొత్తవాళ్లు మూడోది చూసేదాకా ఆగకూడదు.

2. ఏ నెలలో దేనికి భయపడాలి

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి: మనకి ఇవే మంచి నెలలు. ఉదయం పొగమంచు, ఉత్తరం, ఈశాన్యం గాలులు. పొగమంచు విడిచాకే బయల్దేరండి. డిసెంబర్ మొదట్లో మాత్రం బంగాళాఖాతం వైపు ఒక కన్ను వేసి ఉంచాలి.

మార్చి నుంచి మే: రెండు ప్రమాదాలు ఒకేసారి. మధ్యాహ్నం నైరుతి, దక్షిణం గాలి బలపడుతుంది, సాయంత్రం కొండల వైపు నుంచి కాలబైశాఖి, అంటే ఉరుములతో వచ్చే వేసవి గాలివాన, దిగుతుంది. ఈ నెలల్లో తెల్లవారుజామున వెళ్లి పదకొండు లోపు ఒడ్డెక్కేయడమే పద్ధతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం కూడా ఉంటుంది. అంటే సముద్రంలో మీకు ఏదైనా అయితే చూసి వచ్చే బోట్లు కూడా తక్కువ. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

జూన్ నుంచి సెప్టెంబర్: సముద్రం వద్దు. ఉత్తర బంగాళాఖాతంలో అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి పుడుతూనే ఉంటాయి.

సెప్టెంబర్ చివర నుంచి నవంబర్: ఆకాశం కడిగినట్టు ఉంటుంది, నీళ్లు పిలుస్తాయి, కానీ ఇది తుఫాన్ల కాలం. ఫైలిన్ 2013 అక్టోబర్ 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర, గులాబ్ 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నానికి ఉత్తరంగా. మూడూ మన గుమ్మంలోనే.

3. ఐదు రోజుల ముందు: బంగాళాఖాతంలో ఏముందో చూడండి

ఈ దశలో గంటల లెక్క చూడొద్దు. ఐదో రోజు మధ్యాహ్నం మూడింటికి 11 నాట్లు అని యాప్ చూపించినా దాన్ని నమ్మి ప్లాన్ వేయకండి. చూడాల్సింది ఒక్కటే: బంగాళాఖాతంలో ఏదైనా సుడి తిరుగుతోందా?

ఢిల్లీ నుంచి వాతావరణ శాఖ రోజూ ఇచ్చే ఉష్ణమండల వాతావరణ బులెటిన్‌లో రాబోయే ఏడు రోజుల్లో వాయుగుండం పుట్టే అవకాశం ఏమీ లేదా, తక్కువా, మధ్యస్తమా, ఎక్కువా అని రాస్తారు. అక్కడ "మధ్యస్తం" కనబడితే నేనైతే ఆ వారం ప్లాన్ పెన్సిల్‌తో రాస్తాను. "ఎక్కువ" అయితే కొట్టేస్తాను.

పేర్ల వెనక గాలి ఎంతో గుర్తుంచుకోండి:

- అల్పపీడనం: 17 నాట్ల లోపు
- వాయుగుండం: 17 నుంచి 27
- తీవ్ర వాయుగుండం: 28 నుంచి 33
- తుఫాను: 34 నుంచి 47
- తీవ్ర తుఫాను: 48 నుంచి 63
- ఆపైన అతి తీవ్ర తుఫాను, 120 నాట్ల దగ్గర సూపర్ సైక్లోన్

"అల్పపీడనమే కదా" అనే మాట తరచు వింటుంటాను. ఇందాక రాసుకున్న హద్దుతో పోల్చి చూడండి, అల్పపీడనం పై అంచు కూడా మీ హద్దు దాటేసింది. తుఫాను అయ్యేదాకా ఆగి భయపడటం టీవీ చూసేవాళ్ల పద్ధతి.

ఫైలిన్, తిత్లీ రెండూ అక్టోబర్ 8న వాయుగుండాలయ్యాయి. ఒకటి నాలుగు రోజుల్లో, ఇంకొకటి మూడు రోజుల్లో తీరం దాటింది. పడవని పైకి లాగి కట్టుకోవడానికి ఆ సమయం చాలు, కానీ మొదటి రోజే మొదలుపెడితేనే.

సరిహద్దులో ఉన్నవాళ్లకి ఒక చిక్కు ఉంది. గంజాం తీరానికి బులెటిన్ భువనేశ్వర్ తుఫాను హెచ్చరికల కేంద్రం నుంచి వస్తుంది, శ్రీకాకుళం తీరానికి విశాఖపట్నం కేంద్రం నుంచి. సోనాపురం బాహుదా మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర పడవ తీసేవాళ్లు రెండూ చదవాలి, ఎందుకంటే గాలికి రాష్ట్రం తెలీదు. స్థానిక రేడియోలో ఒడియాలో వింటే బాత్యా అంటే తుఫాను, అబపాత అంటే వాయుగుండం, లఘుచాప అంటే అల్పపీడనం. ఈ మూడూ తెలిస్తే చాలు.

4. ముందు రోజు రాత్రి: గంట గంటా చదవండి

ఇప్పుడు గాలి మ్యాప్‌లు తెరవండి. విండీ లాంటి వాటిలో అమెరికా వాళ్ల జీఎఫ్‌ఎస్, యూరప్ వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్ మోడళ్లు (కంప్యూటర్ కట్టే అంచనాలు) రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు. రెండూ ఒకటే చెబితే సమయం దాదాపు నమ్మొచ్చు. రెండూ చెరో మాట చెబితే చెడ్డదాన్నే తీసుకోండి. రెండింటికీ సగటు కట్టి మధ్యలో ఒక అంకె పట్టుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

మ్యాప్‌లో సమయం యూటీసీలో ఉంటే ఐదున్నర గంటలు కలపండి. 09 అని కనిపిస్తే మనకి మధ్యాహ్నం రెండున్నర.

ఏప్రిల్‌లో ఒక మామూలు రోజుని ఇలా చదవాలి. ఉదయం ఆరుకి పడమటి గాలి 4 నాట్లు. తొమ్మిదికి నైరుతి 7. పదకొండుకి నైరుతి 11, గస్ట్ 16. మూడింటికి దక్షిణ నైరుతి 16, గస్ట్ 24. చాలామంది మొదటి వరస చూసి "నాలుగే కదా" అంటారు. కాస్త అనుభవం ఉన్నవాళ్లు మూడో వరస దగ్గర ఆగుతారు, ఎందుకంటే హద్దు దాకా వచ్చేది అక్కడే. అంటే పది గంటలకల్లా ముక్కు ఒడ్డు వైపు తిప్పాలి.

ఇప్పుడు దిక్కు చూడండి, ఇది రంభ వాళ్లకి చాలా ముఖ్యం. రంభ, సరస్సుకి నైరుతి మూలన ఉంది. నైరుతి గాలి వీస్తున్నప్పుడు జెట్టీ దగ్గర నీళ్లు నున్నగా ఉంటాయి, ఎందుకంటే అల లేవడానికి అక్కడ నీటి మీద గాలికి పరుగు దొరకదు. గాలి వెనక నుంచి తోస్తుంటే పడవ తేలిగ్గా బయటికి పోతుంది. బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ దాటి వెళ్లేకొద్దీ అల పెరుగుతుంది, తిరిగి రావాల్సింది మాత్రం ఆ గాలికి ఎదురుగా. జెట్టీ మీద నిలబడి చూసి "ఇవాళ చిలికా పడుకుంది" అనుకునే పొరపాటు ఇక్కడే పుడుతుంది. చలికాలంలో దీనికి తిరగేసి: ఈశాన్యం గాలికి 60 కి.మీ. పైచిలుకు సరస్సంతా పరుగెత్తే చోటు, ఆ అలలన్నీ వచ్చి రంభ ఒడ్డునే కొడతాయి. బయటికి వెళ్లడం కష్టం, తిరిగి రావడం తేలిక.

చిలికాలో లోతు తక్కువ, వేసవిలో చాలాచోట్ల నడుములోతు, మనిషి లోతే. లోతు తక్కువైతే ప్రమాదం తక్కువ అనుకుంటారు. నిజానికి లోతు లేనిచోట అలలు పొట్టిగా, నిలువుగా, దగ్గర దగ్గరగా లేస్తాయి, ఒకదాని నుంచి పడవ తేరుకునేలోపు ఇంకోటి వచ్చి పడుతుంది.

సముద్రం వాళ్లు ఇన్‌కాయిస్ చూడాలి. హైదరాబాద్‌లో ఉన్న ఈ సంస్థ తీరంలో చోటు చోటుకీ అల ఎత్తు, దూరం నుంచి వచ్చే ఉబ్బు అలల దిశ, రెండు అలల మధ్య సెకన్లు ఇస్తుంది, చిన్న పడవలకి విడిగా హెచ్చరిక కూడా ఇస్తుంది. అక్కడ రాసే ఎత్తు, మొత్తం అలల్లో పెద్దవైన మూడో వంతుకి సగటు మాత్రమే. 1 మీటరు అని రాస్తే అప్పుడప్పుడు దాదాపు రెండు మీటర్లది కూడా వస్తుందని అర్థం.

ఎత్తు కన్నా సెకన్లు ఇంకా ముఖ్యం. 6 సెకన్ల అల ఇక్కడి గాలి లేపింది. 13, 14 సెకన్ల అల ఎక్కడో దూరాన తుఫానో, దక్షిణ హిందూ మహాసముద్రంలో గాలివానో లేపి పంపింది. ఎత్తు ఒకటే అయినా రెండోది గోపాల్‌పూర్ ఒడ్డున బాగా పైకి లేచి విరుగుతుంది. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేకుండా, ఒడ్డున మాత్రం అల బాదుతోందంటే ముందు సెకన్లు చూడండి, తర్వాత బంగాళాఖాతం మ్యాప్ చూడండి.

మొగలు దాటేవాళ్లకి ఒక్క మాట: బాహుదా అయినా ఋషికుల్య అయినా ఆటు నీరు బయటికి పోతున్నప్పుడు ఎదురుగా అల వస్తే మొగలో నీళ్లు గోడలా లేస్తాయి. పోటు చివర్లో దాటండి, తిరుగు ప్రయాణం కూడా ఆ లెక్కలోనే వేసుకోండి.

5. బయల్దేరే ఉదయం: మూడు గంటల లోపల ఏముంది

మోడళ్ల పని ఇక్కడితో అయిపోయింది. వాటి గడులు తొమ్మిది, పదమూడు కిలోమీటర్ల వెడల్పు ఉంటాయి. రంభ చుట్టూ ఉన్న కొండలు, ఒక్క ఉరుము మబ్బు, వాటికి సరిగ్గా కనబడవు. ఉదయం చూడాల్సినవి వేరు:

- వాతావరణ శాఖ నౌకాస్ట్: జిల్లావారీగా, రాబోయే మూడు గంటల అంచనా. గంజాం, గజపతి రెండూ చూడండి
- డాప్లర్ రాడార్: గోపాల్‌పూర్, విశాఖపట్నం, పారాదీప్
- దామిని యాప్: మీ చుట్టూ 20, 40 కి.మీ. లోపల పిడుగులు
- మీ దగ్గరున్న బారోమీటర్

కాలబైశాఖి మబ్బులు ఎక్కువగా పడమర, వాయవ్యం నుంచి వస్తాయి. గోపాల్‌పూర్‌కి అటు వైపు దిగపహండి, ఆస్కా ఉన్నాయి, గీత గీస్తే సుమారు 40, 45 కి.మీ. ఇంకా వెనక మోహనా, ఉత్తరంగా భంజనగర్. మబ్బు గంటకి 40 కి.మీ. నడకతో వస్తే ఆస్కా మీద ఉరిమింది గంట సేపట్లో మీ నెత్తిన ఉంటుంది. రాడార్ బొమ్మ తెరుచుకునేసరికే కొంచెం పాతదై ఉంటుంది, అందుకే నేను ఇంకో పని చెబుతాను: ఆస్కాలోనో మోహనాలోనో పిన్నో, బావో, పాత స్నేహితుడో ఉంటే ఫోన్ చేయండి. "అక్కడ గాలి లేచిందా? ఏ దిక్కు నుంచి?" రెండు ప్రశ్నలు చాలు. ఇంత మంచి వాతావరణ కేంద్రం ఉచితంగా దొరకదు.

బారోమీటర్ సంగతి కాస్త నెమ్మదిగా చదవండి, దీన్ని తప్పుగా చూసేవాళ్లే ఎక్కువ. మంచి ఫోన్లలో కొన్నింటికి పీడనం కొలిచే సెన్సర్ ఉంటుంది. మన ప్రాంతంలో పీడనం రోజూ తనంతట తానే రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది: ఉదయం పదికి, రాత్రి పదికి ఎక్కువ, తెల్లవారుజామున నాలుగుకి, సాయంత్రం నాలుగుకి తక్కువ. ఈ తేడా రెండు మూడు మిల్లీబార్లు ఉండొచ్చు. కాబట్టి ఉదయం పదికి చూసి మళ్లీ మూడింటికి చూస్తే తగ్గే ఉంటుంది, టెన్షన్ పడక్కర్లేదు.

చూడాల్సింది నిన్న ఇదే గంటకి ఎంత, ఇవాళ ఇదే గంటకి ఎంత అని. తేడా 3 మిల్లీబార్లు పడిపోతే అనుమానించండి. 5 పడితే ఆ రోజు పడవ ముట్టుకోవద్దు, పైకి లాగే పని చూడండి. పదింటికి పెరగాల్సిన పీడనం పెరగకుండా అలాగే ఉండిపోవడం కూడా ఒక గుర్తే.

6. ఒడ్డున పదినిమిషాలు, ఫోన్ జేబులో పెట్టి

మంచి గుర్తులు, చెడ్డ గుర్తులు రెండూ కళ్లతోనే దొరుకుతాయి. పడవ సర్దేముందు ఒక చోట నిలబడి ఇవి చూడండి:

- గాలి ఏ దిక్కు నుంచి? చెప్పిన దిక్కేనా?
- పై మబ్బులు, కింది మబ్బులు ఒకే వైపు పోతున్నాయా?
- పడమటి కొండల మీద మబ్బు ఉదయం తొమ్మిదికే నిలువుగా పెరుగుతోందా?
- గాలి ఉన్నట్టుండి పూర్తిగా ఆగి, ఉక్క పోస్తోందా?
- నోలియాల (ఇక్కడి తెలుగు మత్స్యకారుల) తెప్పలు, ఫైబర్ బోట్లు దిగాయా, ఒడ్డునే ఉన్నాయా?

చివరిది పెద్ద పరీక్ష. గోపాల్‌పూర్‌లో సముద్రం మీద బతికే మన తెలుగు మత్స్యకారులు ఉన్నారు, భాష అడ్డం కూడా లేదు. పండగ, చావు, వేట నిషేధం లాంటి కారణం లేకుండా బోట్లు ఒడ్డున పడుకుని ఉంటే వెళ్లి అడగండి. "తాతా, ఇవాళ ఎలా ఉంది?" అని అడిగితే, "ఎల్లకండి బాబూ, కెరటం బాగోలేదు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. కారణం చెప్పించుకోవాలని పట్టుబట్టకండి. ఒకవేళ వాళ్లు దిగినా మీకు భరోసా అనుకోవద్దు. వాళ్ల బోటు వేరు, చెయ్యి వేరు, వాళ్లు తిరగబడ్డ బోటుని మళ్లీ సరిచేసుకోగలరు.

కొండల మీద మబ్బు సంగతి: ఉదయం దూదిపింజల్లా ఉన్నవి మధ్యాహ్నానికి కాలీఫ్లవర్ తలల్లా పైకి లేస్తే అది ఇంకా పెరుగుతోందని. ఆ తల అంచులు పదునుగా ఉన్నంతసేపూ పెరుగుదలే. ఎప్పుడైతే పైభాగం చదునై, అంచులు పీచులా ఒక పక్కకి సాగుతాయో అప్పుడది ఉరుము మబ్బు అయిపోయింది, అది సాగిన వైపు మీరుంటే మీ వైపే రావచ్చు.

7. నీళ్ల మీద ఉండగా

పడవలో ఉన్నవాళ్లలో ఒకరు ప్రతి పావుగంటకీ వెనక్కి తిరిగి పడమర చూడాలి. అందరూ పక్షుల వైపు చూస్తుంటే మబ్బు వీపు వెనక నుంచి వస్తుంది.

కాలబైశాఖి మొదటి విసురు వాన కంటే ముందే వస్తుంది. చిలికాలో దాన్ని కంటితో చూడొచ్చు. అంతసేపూ ఉన్న నైరుతి గాలి సన్నగిల్లి ఆగిపోతుంది, తెరచాప వేలాడుతుంది, ఇంజిన్ బోటు వాళ్లకైతే చెమట పడుతుంది. మబ్బు కింది అంచు చాపలా చుట్టుకుని నల్లగా, కొండల కన్నా కిందికి దిగినట్టు కనబడుతుంది. తర్వాత దూరాన నీళ్ల మీద ఒక ముదురు గీత, దాని వెనక తెలుపు. ముఖానికి చల్లగాలి తగులుతుంది, తడిమట్టి వాసన ఉంటుంది. అప్పటికి మీ చేతిలో ఉన్నది నిమిషాలే. గాలి గంటకి 50, 60 కి.మీ. దాటొచ్చు, అదీ ఇంతసేపూ వీచిన దిక్కు నుంచి కాదు, వేరే దిక్కు నుంచి.

ఆ నిమిషాల్లో వరస ఇది:

- మొదట అందరికీ లైఫ్ జాకెట్ బకిల్స్ బిగించండి. వేసుకునే ఉండాలి, అప్పుడు వెతుక్కోవడం కాదు
- తెరచాప పూర్తిగా దించేయండి. సగం మడిచి చూద్దాం అనుకునే టైం కాదు
- పడవలో వదులుగా ఉన్నవన్నీ కిందికి తోసేయండి, మనుషులు కింద కూర్చోవాలి
- దగ్గర ఒడ్డు రెండు మూడు నిమిషాల్లో ఉంటే అటు. లేకపోతే ఒడ్డు కోసం పరుగెత్తకండి
- చిలికాలో లోతు తక్కువ, లంగరు ముందు వైపు నుంచి వేసి, తాడు ఎక్కువ వదిలి, ముక్కు గాలికి పెట్టండి. లోతుకి కనీసం ఐదారు రెట్లు తాడు ఉండాలి
- ఇంజిన్ ఉంటే నెమ్మదిగా గాలికి ఎదురు నడుపుతూ పడవ అడ్డం తిరగకుండా చూసుకోండి

లంగరు వెనక నుంచి ఎప్పుడూ వేయకండి. వెనక భాగం బరువుగా, కిందికి ఉంటుంది, మొదటి అలకే నీళ్లు ఎక్కుతాయి.

పడవ తిరగబడితే దాన్ని వదిలి ఈదకండి. ఒడ్డు దగ్గరగానే కనబడుతుంది, కానీ ఆ గాలిలో చేరలేరు. వెతికే వాళ్లకి మనిషి తల కన్నా పడవ అడుగు తేలిగ్గా కనబడుతుంది.

8. పిడుగు

మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగించండి, అన్ని కిలోమీటర్లు. 30 లోపు వస్తే పది కిలోమీటర్ల లోపలే ఉంది, మీరు ఒడ్డు మీద, పక్కా కట్టడంలో ఉండాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ నీళ్లలోకి.

తప్పనిసరై నీళ్ల మీదే ఉండిపోతే తెరచాప కొయ్యకి, ఇనుప తాళ్లకి దూరంగా, పడవ మధ్యలో కిందికి వంగి కూర్చోండి. చేతులు నీళ్లలో పెట్టకండి. దీవి ఎక్కితే ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు. బీకన్ ఐలాండ్ మీది స్తంభాన్ని ఆనుకుని వానకి తలదాచుకోవడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన.

9. తుఫాను ఎక్కడో దూరంగా ఉన్నప్పుడు

ఇక్కడ రెండు రకాల మోసం ఉంది.

మొదటిది, ఉబ్బు అల. తుఫాను ఇంకా వందల కిలోమీటర్ల దూరంలో ఉండగానే ఒడ్డున అల నెమ్మదిస్తుంది, బరువెక్కుతుంది. గాలి ఉండదు. ఫొటోలకి బాగుంటుంది, దిగడానికి కాదు.

రెండోది, ఒడ్డు నుంచి వీచే గాలి. తుఫాను మనకి ఉత్తరంగా, పూరీ వైపు తీరం దాటితే గోపాల్‌పూర్ దాని దారికి ఎడమ పక్కన ఉంటుంది, గాలి భూమి మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. 2019 మే 3న ఫనీ పూరీ దగ్గర దాటినప్పుడు మనం ఎడమ పక్కనే ఉన్నాం. ఇలాంటి గాలిలో ఒడ్డు దగ్గర అల అణిగిపోయి నీళ్లు లొంగినట్టు కనబడతాయి. పడవ దింపితే సముద్రంలోకి తోసుకుపోతుంది, వెనక్కి రానివ్వదు. అదే తుఫాను కళింగపట్నం, పలాస వైపు దాటితే మనం కుడి పక్కన పడతాం, అది ఇంకా చెడ్డ పక్క: గాలి, ఉప్పెన రెండూ ఒడ్డు మీదికే వస్తాయి.

కేంద్రం ఎటుందో అంచనాకి: గాలికి ఎదురుగా నిలబడి కుడి చెయ్యి పక్కకి చాచి, కాస్త వెనక్కి జరపండి. అటే. ఈశాన్యం నుంచి మొదలైన గాలి తూర్పుకి, ఆగ్నేయానికి తిరుగుతుంటే కేంద్రం మీకు దక్షిణంగా పోతోంది. ఉత్తరానికి, వాయవ్యానికి తిరుగుతుంటే మీకు ఉత్తరంగా పోతోంది. దిక్కు మారకుండా గాలి మాత్రమే పెరుగుతుంటే మీ మీదికే వస్తోంది. ఇది పడవ కట్టేసి ఇంట్లో ఉండి చూసుకోవాల్సిన లెక్క, నీళ్ల మీద కాదు.

పేపర్లలో "పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని చదువుతుంటాం. 1, 2 అంటే దూరసముద్రంలో ఉంది. 3, 4 అంటే పోర్టుకే ముప్పు. 5, 6, 7 మూడూ ప్రమాదమే, తేడా బలంలో లేదు, పక్కలో ఉంది: 5 అంటే పోర్టు తుఫాను దారికి ఎడమన, 6 అంటే కుడిన, 7 అంటే మీదుగానో బాగా దగ్గరగానో. 8, 9, 10 అదే వరసలో ఇంకా పెద్ద ప్రమాదం. 11 అంటే తుఫాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. సరదా పడవకి 1 చాలు, ఆ రోజు దిగొద్దు.

వాతావరణ శాఖ తుఫాను అలర్ట్ మామూలుగా 48 గంటల ముందు, వార్నింగ్ 24 గంటల ముందు ఇస్తుంది. అలర్ట్ రాగానే:

- పడవని అల చేరే గీతకి చాలా పైకి, వీలైతే రోడ్డు మీదికి లాగండి
- ఇంజిన్, తెరచాప, తెడ్లు విప్పి ఇంటికి తీసుకెళ్లండి
- చిన్న పడవైతే బోర్లించి, రెండు చోట్ల భూమిలో పాతిన మేకులకి కట్టండి
- కొబ్బరిచెట్టు కింద పెట్టకండి, కట్టకండి
- ఏటి మొగలో వదలకండి, గాలి ఆగాక కొండల వాన వరదై దిగుతుంది

10. ఎక్కువగా జరిగే పొరపాట్లు

వెళ్లేటప్పుడు టైం చూసి, వచ్చేటప్పుడు అంతే పడుతుందనుకోవడం. గాలి వెనక ఉంటే వెళ్లడానికి పట్టినదానికి రెండింతలు తిరిగి రావడానికి పెట్టుకోండి. మీ దగ్గర మూడు గంటలుంటే గంటకే వెనక్కి తిరగాలి.

వాట్సాప్‌లో వచ్చిన మ్యాప్ నమ్మడం. దాని మీద తేదీ, గంట లేకపోతే అది ఏ ఏడాదిదో కూడా తెలీదు. తుఫాను పేర్లు మారతాయి, ఎర్రటి బొమ్మలు అవే తిరుగుతుంటాయి.

"ఎల్లో కదా, రెడ్ కాదు కదా" అనుకోవడం. ఆ రంగులు జిల్లా మొత్తానికి, ఇళ్లలో, రోడ్ల మీద ఉండేవాళ్లకి కూడా కలిపి ఇచ్చినవి. పడవలో కూర్చున్న వాడికి ఒక మెట్టు పైకి చదువుకోవాలి.

వేసవిలో పడవ ఆగితే ఎటు కొట్టుకుపోతుందో ఆలోచించకపోవడం. మార్చి నుంచి మే దాకా తీరం వెంబడి ప్రవాహం ఉత్తరానికి పోతుంది, నైరుతి గాలీ అటే తోస్తుంది. గోపాల్‌పూర్‌లో ఇంజిన్ ఆగిన పడవ ఋషికుల్య మొగ వైపు పోతుంది. నవంబర్, డిసెంబర్‌లో ప్రవాహం దక్షిణానికి, అంటే సోనాపురం వైపు. వెతికే వాళ్లకి ఇది తెలిస్తే గంటలు కలిసొస్తాయి.

ఒడ్డున ఎవరికీ చెప్పకుండా వెళ్లడం. ఇంట్లో ఒకరికి ఈ వివరాలు రాసి ఇవ్వండి:

- ఎక్కడి నుంచి, ఎటు వైపు
- ఎంతమంది, ఫోన్ నంబర్లు
- పడవ రంగు, పొడవు, ఇంజిన్ ఉందా లేదా
- ఒడ్డెక్కే సమయం
- ఆ సమయానికి గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలి: సముద్రమైతే తీరరక్షక దళం 1554, ఎక్కడైనా 112

ఫోన్ చేసేవాళ్లు "మా అబ్బాయి ఇంకా రాలేదండీ" దగ్గర ఆగిపోకుండా, పడవ చివరిసారి ఎక్కడ, ఎన్నింటికి కనబడిందో, ఇప్పుడు గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో కూడా చెప్పాలి. అందుకని ఆ కాగితం అడుగున "గాలి దిక్కు" అని రాసి ఖాళీ వదిలేయండి, వాళ్లు కిటికీలోంచి చూసి నింపుకుంటారు.